ఇంజనీరైన పిమ్మట నీటిని చదువుట

నేను నీటిపనుల ఉన్నతవిద్యను చదివి, కొన్ని సంవత్సరములు దానినే బోధించినవాడను. అందుచేత పల్లెలకు పోయినప్పుడెల్ల పెద్దలు నన్నొక ప్రశ్న అడుగుచుందురు: “మావాడు నాలుగేండ్లు చదివి ఇంజనీరైనాడు. ఉద్యోగము చూచుకొనక, నీటిని గూర్చి మఱి రెండేండ్లు చదువుదునని పట్టుపట్టినాడు. నీరు పల్లమెఱుగునని మాకు తెలియదా? దానికింత చదువేల?”

ఈ ప్రశ్న న్యాయమైనది. రెండేండ్ల చదువనగా ఒక సంసారమునకు స్వల్పవ్యయము కాదు. ఈ విద్య యెందుకు పుట్టినదో, ఎట్టి నష్టములకు పిమ్మట పెరిగినదో చెప్పినగాని దీనికి సమాధానము తేలదు. కావున నేడు ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

కడపసీమలో పోరుమామిళ్ల యను గ్రామము కలదు. అచటి పెద్దచెఱువును గూర్చి రెండు ఱాతిపలకలపై సంస్కృతశ్లోకములలో నొక శాసనము చెక్కబడియున్నది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నేలుచు, క్రీ. శ. 1369లో ఆ చెఱువును కట్టించి, అనంతరాజసాగరమని పేరిడెను. దినమునకు వేయిమంది కూలీలును, ఱాతిని తోలుటకు నూఱు బండ్లును రెండు సంవత్సరములు పనిచేసినట్లు అందు వ్రాసియున్నది.

చెఱువు కట్టించితిమని చెప్పు శాసనములు మన దేశమున పెక్కు కలవు. ఈ శాసనమున నొక విశేషమున్నది. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములును, చెఱువును చెఱచు ఆఱు దోషములును ఇందు వరుసగా నెన్నబడినవి. ధర్మాత్ముడును, ధనవంతుడును, కీర్తిని కోరువాడును నైన రాజు మొదటి సాధనము. జలశాస్త్రము నెఱిగిన పండితుడు రెండవది. గట్టినేల, మూడామడల దూరమునుండి వచ్చు తియ్యనీటి యేఱు, కొండల నడుమ బిగువైన ఱాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, చేరువనే మంచి ఱాతిగని, దిగువను సారవంతమైన చదునునేల మొదలైనవి తరువాత వచ్చును. కట్టుపనియందు ఆఱితేఱిన పనివారి సమూహము చిట్టచివరిది.

ఇక దోషములు ఆఱు. కట్టనుండి నీరు ఊరుట, నేల చౌడగుట, చెఱువు రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మెట్ట యుండుట, నీరు స్వల్పమై తడుపవలసిన భూమి హెచ్చగుట, భూమి స్వల్పమై నీరు హెచ్చగుట. ఈ ఆఱింటిని దయతో జ్ఞాపకముంచుకొనుడు. నేడు విశ్వవిద్యాలయములందు నీటిని గూర్చి చెప్పు పెద్దపాఠములలో ననేకములు ఈ దోషముల చికిత్సకు సంబంధించినవే. శాసనకర్త దోషముల పేర్లు చెప్పెను. ఎంత ఊట అపాయము? ఎంత నీటికి ఎంత ఆయకట్టు? ఎన్నేండ్లకొకమాఱు ఎంత వఱద? ఈ కొలతలు తేలుటకు మఱి కొన్ని శతాబ్దములును, కొన్ని గొప్ప నష్టములును పట్టెను.

ఆ శాసనము వెలసిన 478 సంవత్సరములకు, అనగా 1847లో, హిమాలయముల దిగువనున్న రూర్కీ పట్టణమున నొక ఇంజనీరింగు పాఠశాల స్థాపింపబడెను. దానికి కారణము కఱవు. 1837–38లో గంగా యమునల నడిమి దేశమున ఘోరక్షామము వచ్చెను. పిమ్మట హరిద్వారమున గంగనీటిని మళ్లించి కాలువ త్రవ్వుటకు ప్రోబీ కాట్లీ యను అధికారి పూనుకొనగా, 1842లో పని ఆరంభమయ్యెను. మట్టి మోయువారు వేలకు దొరికిరి. మట్టము చూచి కొలతలు తీసి పని నడపువారు దొరకరైరి. ఆ లోటు తీర్చుటకే అప్పటి వాయవ్యరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరైన జేమ్సు థామసన్ ఆ పాఠశాలను నెలకొల్పెను. అతడు మరణించిన పిమ్మట అది థామసన్ కళాశాలయని పేరొందెను. సరిగా ఆ 1847లోనే మన ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ గోదావరి ఆనకట్టను మొదలిడి, 1852లో ముగించెను.

గంగాకాలువ 1854లో తెఱవబడెను. అది దేశమునకు మహోపకారము చేసినమాట సత్యము. అయినను దాని అడుగునకు పెట్టిన వాలు కొంత హెచ్చయినందున నీరు మిక్కిలి వడిగా పాఱి అడుగును కోయసాగెను. 1860లలో కాటన్ ఆ కాలువను తీవ్రముగా విమర్శింపగా, కాట్లీ ప్రత్యుత్తరములిచ్చెను. ఇరువురును మహానుభవులే. ఒకడు డెల్టానెఱిగినవాడు, ఒకడు ఎగువభూములనెఱిగినవాడు. ఇద్దఱి అనుభవమును సమానముగా తూచుటకు తగిన సిద్ధాంతము మాత్రము నాటికి లేకుండెను. తుదకు కాలువను సవరింపవలసివచ్చెను.

వాలు హెచ్చయిన కోత, తక్కువయిన పూడిక. ఈ రెంటి నడుమ సరియైన కొలత యేది? పంజాబులో ఎగువ బారీ దోఆబు కాలువపై పనిచేసిన ఆర్. జి. కెన్నెడీ యను ఇంజనీరు దీనిని తెలియుటకు మంచి మార్గము పట్టెను. ఏండ్లతరబడి కోతయు పూడికయు లేక కుదురుగా నిలిచియున్న కాలువలను వెదకి, వాని లోతును నీటివడిని కొలిచి, రెంటికిగల సంబంధమును 1895లో ప్రకటించెను. 1930లో జెరాల్డ్ లేసీ ఆ విచారమును ముందునకు సాగించెను. కాలువల కొలతలను నిర్ణయించు పాఠమున ఈ ఇరువురి పేర్లును నేటికిని విద్యార్థులు చదువుదురు.

ఇక శాసనమందలి మొదటి దోషమైన ఊటను చూతము. చీనాబు నదిపైని ఖాంకీ ఆనకట్ట 1895లోను, గంగపైని నరోరా ఆనకట్ట 1898లోను దెబ్బతినెను. ఇవి పైనుండి వచ్చిన వఱదకు మాత్రమే ఓర్వవలసిన కట్టడములు కావు. ఇసుకనేలపై కట్టినవగుటచే అడుగునుండి వచ్చు ఒత్తిడికిని ఓర్వవలసియుండెను. థామసన్ కళాశాల ప్రధానాధ్యాపకుడైన కర్నల్ క్లిబ్బర్న్ ఖాంకీ ఇసుకను గొట్టమున నింపి, దానిగుండ నీటిని పంపి పరీక్షలు చేసెను. పాఠము చెప్పుటకు పుట్టిన కళాశాల, తెలియనిదానిని కనుగొను పనికి పూనుకొనుట యిందు కానవచ్చుచున్నది. ఉన్నతవిద్యకు బీజమిదియే.

తరువాత బ్లై యను ఇంజనీరు, కట్టడము క్రింద నీరు ఎంత దూరము ప్రాకిన అంత బలము తగ్గునని లెక్క కట్టెను. చాలకాలము అందఱు దానినే నమ్మిరి. ఎగువ చీనాబు కాలువపైని కట్టడములకు హాని కలుగగా, 1926–27 ప్రాంతమున అయోధ్యానాథ్ ఖోస్లా అచట అడుగునకు గొట్టములు దింపి ఒత్తిడిని కొలిపించెను. కొలతలు బ్లై లెక్కకు సరిపడలేదు. నీరు ప్రాకిన దూరముకంటె, దిగువను బయటపడుచోట అది ఎంత బలముతో మట్టిరేణువులను ఎత్తుచున్నదో అది ముఖ్యమని తేలెను. ఖోస్లా, బోస్, టెయిలర్ అనువారు ఈ సిద్ధాంతమును 1936లో గ్రంథముగా ప్రకటించిరి.

వానకాలమున మీ చెఱువుకట్ట వెనుక ఊట కనబడినచో మీరేమి చేయుదురు? తేటనీరు వచ్చిన కొంత నిబ్బరింతురు. బురదనీరు వచ్చినను, ఇసుక బుడబుడ పొంగినను, ఊరివారి నందఱను పిలిచి మట్టిబస్తాలతో పరుగెత్తుదురు. బురదనీరనగా కట్ట లోలోపల కొట్టుకొనిపోవుచున్నదని మీరెఱుగుదురు. ఖోస్లా లెక్క కట్టినది మీరెఱిగిన ఈ భయమునే. కట్టకముందే ఆ భయము లేకుండ చేయుటెట్లో ఆ లెక్క చెప్పును.

ఆ ఖోస్లాయే 1954లో రూర్కీ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరయ్యెను. పూర్వపు థామసన్ కళాశాల 1949లో విశ్వవిద్యాలయమైనది, 2001లో ఐ.ఐ.టి. యైనది. ఆయన కాలమున, 1955లో, అచట జలవనరుల అభివృద్ధికై యొక శిక్షణకేంద్రము వెలసెను. పట్టభద్రులై, ఉద్యోగమున చేరి, కొన్నాళ్లు నీటిపనులు చేసిన ఇంజనీర్లు ఆసియా ఆఫ్రికా దేశములనుండి అచటికి చదువుటకు వచ్చిరి. 1972లో యునెస్కో తోడ్పాటుతో హైడ్రాలజీ యనబడు జలవిజ్ఞానమునకు వేఱుగా చదువు ఏర్పడెను. నేడు మన వరంగల్లులోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థయందును, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమందును జలవనరుల విషయమున ఎం.టెక్. చదువు కలదు.

మొదటి నాలుగేండ్లలో విద్యార్థి ఇటుక, ఇనుము, కాంక్రీటు, బాట, వంతెన అన్నిటిని నేర్చును. నీటికి కొలదిభాగమే చిక్కును. తరువాతి రెండేండ్లలో వాన, ఏటిప్రవాహము, భూగర్భజలము, పైరు త్రాగు నీరు, ఆనకట్ట, పూడిక, వఱద వీనిని విశేషముగా చదివి, రెండవ యేట తానే యొక సమస్యను తీసికొని పరిశోధించి వ్రాయును. ఉక్కునకు బలమింతయని శాలలో తేల్చవచ్చును. రాబోవు ఏటి వానను ఏ శాలయందును తేల్చలేము. జరిగిన యేండ్ల లెక్కలనుండి జరుగబోవుదానిని ఊహించు గణితమును నేర్వవలెను. ఈ విద్యకు వేఱుగా కాలము కావలసిన కారణమిదియే.

ఒక్క ఉదాహరణము చెప్పెదను. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కృష్ణానీటిని మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములకు పంచుటకు 1969లో బచావత్ ట్రిబ్యునలు ఏర్పడినప్పుడు, నదిలో నీరెంత యను ప్రశ్న మొదట వచ్చెను. బెజవాడలో 1894–95 మొదలు 1971–72 వఱకు గల 78 సంవత్సరముల లెక్కలు చూచి, నూటికి 75 ఏండ్లు 2060 టి.ఎం.సి.లకు తగ్గక నీరు వచ్చునని నిశ్చయించిరి. టి.ఎం.సి. యనగా వందకోట్ల ఘనపుటడుగులు. 1973 నాటి తీర్పులో అందుండి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లు వచ్చెను. ఆ ఆనకట్టకు 1952లో గండిపడెను. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియయ్యెను. పాతకట్టడము పోయినను, అచట వ్రాసిన లెక్కలు నిలిచి మూడు రాష్ట్రముల వాటాలను తేల్చినవి. నీటిమట్టమును చూచి పుస్తకమున నెక్కించిన ఆ యజ్ఞాతోద్యోగుల చేవ్రాతయందే నేటి ఎన్నియో ఊళ్ల పంట యున్నది. 2014లో తెలంగాణము వేఱు రాష్ట్రమైన పిమ్మట కృష్ణపై పొలిమేర మఱియొకటి చేరినది. శాసనమందలి మూడవ దోషము ఆఱున్నర శతాబ్దములైనను మనలను విడువలేదు.

ఆఱవ దోషమునకును నిదర్శనము మనయింటనే యున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను, వేలాదిజనులు మరణించిరి. ఎగువను అనేక చెఱువులు తెగి, ఆ నీరును నదిలో కలిసెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి ఉపాయమడుగగా, ఆయన ఎగువను జలాశయములు కట్టుమని సూచించెను. అట్లు 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును వెలసినవి. తెగినవి పల్లె చెఱువులు, మునిగినది పట్టణము. చిన్నచెఱువు చెడిన ఆ చెఱుపు ఆయకట్టుతోనే ఆగదని అప్పుడు తెలిసెను.

కావున పెద్దలారా, మీ ప్రశ్నకు నా సమాధానమిది. మీ బాలుడుగాని బాలికగాని నీటిని చదువుదుమన్న, శక్తికొలది చదివింపుడు. మన దేశమున కట్టవలసిన చెఱువులకంటె కాపాడవలసినవి హెచ్చు. పూడికను కొలుచుట, ఊటను గుర్తించుట, మాఱుచున్న వానలకు అలుగు చాలునో చాలదో లెక్కించుట, చివరి పొలమునకు నీరు చేర్చుట — ఇవి అందమైన క్రొత్తకట్టడములు కావు గాని, తెలిసినవాడు లేక చెడిన, ఒక్క రాత్రి ఊరు పోవు పనులు.

అయితే చదివించి ఊరకుండకుడు. ఆ చదువులో లేనిది మీయొద్ద నున్నది. ఏ సంవత్సరమున వఱద ఏ గుడిమెట్టువఱకు వచ్చినదో, కట్ట ఏ తావున పూర్వము తెగినదో, ఏ బావి ఏ నెలలో ఎండునో మీరెఱుగుదురు. అది ఎచటను వ్రాసియుండదు. విద్యార్థి పరిశోధనకు వచ్చినప్పుడు అతనిని కట్టవెంబడి నడిపించి చూపుడు. మీ ఊరి వానకొలతను, చెఱువుమట్టమును ఒక పుస్తకమున వ్రాయించుడు. పోరుమామిళ్ల శాసనకర్త జలశాస్త్రపండితుని రెండవవానిగను, చేతిపనివారిని చివరివారిగను చెప్పినను, ఇరువురిని ఒకే పట్టికలో చేర్చెను. ఆ పట్టికలో ఒకరు లోపించినను చెఱువు నిలువదని ఆయన యభిప్రాయము. మనమును ఆ యిరువురిని ఒక కట్టపై నిలుపుదము. సెలవు.