కరువు సీమ చరిత్ర కడలి బురదలో

అనంతపురానికి సముద్రం లేదు. పడమటి కనుమల చాటున పడిపోయిన ఈ నేల మీద ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. అయినా మన కరువు ఎంత పాతదో తెలియాలంటే బంగాళాఖాతం అడుగుకు దిగాల్సిందే. నదులు మోసుకెళ్లిన మన్ను అక్కడ పొర మీద పొరగా పేరుకుని ఉంది.

ఆ పొరలు చెదరకుండా పైకి తీయడమే కష్టం. 1872–76లో సముద్రాలు చుట్టిన చాలెంజర్ ఓడకు దొరికింది కొద్దిపాటి బురదే. 1940లలో స్వీడన్ శాస్త్రవేత్త కుల్లెన్‌బర్గ్ పిస్టన్ అమర్చిన గొట్టం తయారుచేశాడు. 1947–48లో ఆల్బట్రాస్ నౌక దాంతో పది మీటర్లకు మించిన కోర్‌లు, అంటే చెదరని మన్ను స్తంభాలు, తీసింది. మన తీరంలో సముద్రపు అడుగు మన్నును 1950లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు సి. మహదేవన్, ఆయన సహచరులు పరిశీలించారు.

తీసిన మన్నుకు కాలం కట్టడం అంతకన్నా చిక్కు. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకుల్లో రేడియో కార్బన్ ఉంటుంది. అది 5,730 ఏళ్లకు సగమవుతుంది. కానీ సముద్రపు నీటికీ ఒక వయసుంది. గాలికి దూరమై లోతుకు దిగిన నాటి నుంచి నీటిలోని రేడియో కార్బన్ తరుగుతూ పోతుంది. ఆ పాత నీరు మళ్లీ పైకొచ్చి కలవడం వల్ల పైనీరు కూడా సగటున 400 ఏళ్ల పాతదిగా కనిపిస్తుంది. ఆ లెక్క తీసేయకపోతే తేదీలన్నీ తప్పుతాయి. ఈ చిక్కునే వాలెస్ బ్రోకర్ వంటి శాస్త్రవేత్తలు సాధనంగా మలిచారు. ఒకే పొరలో పైనీటి జీవి పెంకునూ, అడుగున బతికిన జీవి పెంకునూ విడిగా కొలిచి తేడా చూస్తే, ఆనాటి లోతు నీటికి గాలి సోకి ఎన్నాళ్లయిందో తేలుతుంది. మిల్లీగ్రాముల పెంకులతోనే కొలవగల యాక్సిలరేటర్ యంత్రాలు 1980లలో ఈ పనికి అక్కరకొచ్చాయి. నేటి ఉత్తర పసిఫిక్‌లో లోతు నీటి వయసు వెయ్యేళ్లు దాటుతుంది.

2006లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ కృష్ణా–గోదావరి బేసిన్‌లో తవ్వింది గ్యాస్ హైడ్రేట్ల కోసం. అయితే అప్పుడు గోదావరి ముఖద్వారం ఎదుట తీసిన ఒక కోర్‌ను శాస్త్రవేత్తలు కామిలో పాంటన్, లివియు జోసాన్‌ల బృందం చదివి 2012లో ఫలితాలు ప్రకటించింది. ఆకుల మీది మైనం ఆ బురదలో చెక్కుచెదరకుండా ఉంది. జొన్న, సజ్జ, కొర్ర వంటి ఎండకు ఓర్చే గడ్డిజాతుల కార్బన్ ముద్ర చెట్ల ముద్ర కన్నా వేరు. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా ఎండకు ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయనీ, ఆ తర్వాత అవే నిలిచిపోయాయనీ ఆ మైనం చెప్పింది. వానలు నిలకడ తప్పడమే దక్షిణాదిలో నీటిని నిలిపే పద్ధతులు త్వరగా వ్యాపించడానికి కారణం కావచ్చని వాళ్లు రాశారు. రాయలసీమ చెరువులు ఎరిగినవారికి ఈ ఊహ బలమైనదిగానే తోస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు నిర్మాణాన్ని వివరించే శాసనం 1369 నాటిది.

అయితే గోదావరి బురద చెప్పేది ప్రధానంగా దక్కను నడిబొడ్డు కథ. అనంతపురం మన్ను చిత్రావతి, పెన్నా మీదుగా నెల్లూరు తీరం చేరుతుంది. ఆ తీరం ఎదుటి పొరలనూ ఇంతే శ్రద్ధగా చదవాలి. రాయలసీమలోని విశ్వవిద్యాలయాలు విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంతో కలిసి ఆ పనికి పూనుకోవాలి.