తుప్పు పట్టని కత్తి – మచిలీపట్నం ఉక్కు, నాగాయలంక ఉప్పు

"మన పూర్వీకుల ఉక్కుకి తుప్పే పట్టేది కాదు" అని ఒకప్పుడు ఫార్వర్డ్ మెయిళ్ళు వచ్చేవి. ఇప్పుడు అదే ముక్క వాట్సాప్‌లో వస్తోంది. మధ్యలో ఢిల్లీ ఇనుప స్తంభం ఫొటో ఒకటి, చివర్న "భారతీయుడివైతే షేర్ చెయ్యి" ఒకటి. ఇంజినీరింగ్ చదివిన మనవాళ్ళే ఎక్కువగా పంపిస్తుంటారు, అదీ తమాషా.

ఈ మాట నిజమో కాదో తేల్చడానికి నా దగ్గర ఒక తేలికైన పరీక్ష ఉంది. ఆ ఉక్కుతో ఒక చాకు చేసి, నాగాయలంక రేవులో వేటకెళ్ళే పడవలో నాలుగు రోజులు పడెయ్యండి. సముద్రం పోటు మీదున్నప్పుడు కృష్ణ పాయల్లోకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి. ఎండాకాలం బ్యారేజీ దిగువకి నీళ్ళు రాకపోతే ఇక చెప్పక్కర్లేదు. గాల్లోనే ఉప్పుంటుంది. కిటికీ ఊచలు, సైకిలు చైను, ఇంటి కప్పు మీద రేకులు, దేన్నీ వదలదు. ఆ చాకు ఐదో రోజుకి ఎర్రగా తేలుతుంది. కచ్చితంగా.

అలాగని మన ఉక్కు గొప్పది కాదని కాదు. చాలా గొప్పది. కాకపోతే దాని గొప్పతనం వేరే చోట ఉంది. ఆ కథలో మన మచిలీపట్నం ఉంది, లండన్‌లో మైకేల్ ఫారడే ఉన్నాడు, చివరికి ఇవాళ అండమాన్‌లోనో వైజాగ్‌లోనో స్కూబా డైవింగ్‌కి వెళ్ళే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ కాలికి కట్టుకునే కత్తి కూడా ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదట ఉక్కు సంగతి. ఇంగ్లీషువాళ్ళు 'వూట్జ్' అన్నది మన 'ఉక్కు' మాటేనని చాలామంది పండితుల అభిప్రాయం. మట్టి మూసలో ఇనుము ముక్కలు, బొగ్గునిచ్చే పదార్థాలు వేసి, మూత బిగించి, గంటల తరబడి కొలిమిలో కాచి, నెమ్మదిగా చల్లారనిస్తే వచ్చే ముద్ద అది. అందులో కార్బన్ ఒకటి, ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. దీనికి పేరుమోసిన ఊళ్ళలో ఒకటి నిజామాబాద్ వైపు కోనసముద్రం. 1820ల మొదట్లో సర్వే ఉద్యోగంలో ఉన్న హెన్రీ వోయిసీ అనే డాక్టరు అక్కడికి వెళ్ళి కమ్మర్లు ఉక్కు కాచే పద్ధతంతా రాసిపెట్టాడు. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుముని కలిపి కాచేవాళ్ళట. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వర్తకుడు కూడా ఆయనకి అక్కడే కనిపించాడు. ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ!

గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం మచిలీపట్నం. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళు అక్కడ గిడ్డంగి పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో దిగారు. కలంకారీ, మస్లిన్ గురించి అందరికీ తెలుసు. కానీ ఆ శతాబ్దంలో కోరమండల్ రేవుల నుంచి పర్షియాకి ఉక్కు ముద్దలు కూడా వేల లెక్కన వెళ్ళేవి. చారలు తేలే డమాస్కస్ కత్తికి గోల్కొండ ఉక్కే కావాలని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ రోజుల్లోనే రాశాడు.

మరి అంత ఉక్కు ఎగుమతి చేసిన తీరంలో పడవలు ఎలా కట్టారు? మసులా పడవ అని వినే ఉంటారు. పలకలకి బెజ్జాలు వేసి కొబ్బరి తాళ్ళతో కుట్టేవాళ్ళు. ఇనుప మేకు ఉండదు. అల కొట్టినప్పుడు పడవ విరక్కుండా వంగాలన్నది దానికి అసలు కారణం. కానీ మేకే లేనప్పుడు తుప్పు బాధ కూడా లేదు కదా. ఉప్పునీళ్ళ దగ్గర ఇనుముని ఎంత దూరం పెడితే అంత మంచిదని మనవాళ్ళకి తెలుసు. మరి ఆ ఢిల్లీ స్తంభం? దాని ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ, దానివల్ల పైన ఒక రక్షణ పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ బాలసుబ్రహ్మణ్యం వివరించారు. ఢిల్లీ పొడి గాలి కూడా కలిసొచ్చింది. అదే స్తంభాన్ని హంసలదీవిలో పాతి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇక లండన్‌కి వద్దాం. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఈ ఉక్కు ముద్దల్ని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. మరుసటేడు జార్జ్ పియర్సన్ వాటి మీద పరిశోధన పత్రం చదివాడు. ఆపరేషన్ కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కు పనితనం చూసి మనసు పారేసుకున్నాడు. ఆయన, కుర్ర ఫారడే కలిసి దీన్ని పోలిన ఉక్కు తయారుచెయ్యాలని కూర్చున్నారు. (అవును, మోటారు కనిపెట్టిన ఆ ఫారడేనే.)

1820లో ఆ ఇద్దరూ అచ్చువేసిన వ్యాసంలో తమ ఉద్దేశాలు రెండు చెప్పుకున్నారు. ఒకటి, మామూలు ఉక్కు కన్నా బాగా కోసే లోహమిశ్రమం దొరుకుతుందా? రెండు, దానికి తుప్పు తక్కువగా పడుతుందా? ఇవాళ డైవింగ్ కత్తి కొనేవాడు అడిగేవి సరిగ్గా ఈ రెండే ప్రశ్నలు! నికెల్, వెండి, ప్లాటినం, రోడియం, క్రోమియం ఏది దొరికితే అది కలిపి చూశారు. 1823లో స్టోడార్ట్ పోయాడు, ఫారడే విద్యుత్తు వైపు వెళ్ళిపోయాడు. 1821లో ఫ్రాన్సులో పియర్ బెర్తియే క్రోమియం కలిపిన ఇనుము ఆమ్లాలకి లొంగడం లేదని గమనించాడు. చివరికి 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ, తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఏం చెయ్యాలా అని వెతుకుతూ, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు పోశాడు. అదే స్టెయిన్‌లెస్. అక్కడి కత్తులవాళ్ళు ఆయన్ని "తెగని కత్తులు కనిపెట్టినాయన" అని వెక్కిరించారు కూడా.

ఆ వెక్కిరింతలో కొంత నిజం ఉంది. కత్తికి పదును నిలవాలంటే గట్టిదనం కావాలి, గట్టిదనానికి కార్బన్ కావాలి. కానీ ఆ కార్బన్ క్రోమియంని పట్టేసుకుని కార్బైడ్లు అయిపోతుంది. అప్పుడు పైన రక్షణ పొర కట్టడానికి క్రోమియం మిగలదు. మన భాషలో చెప్పాలంటే ఒకే మెమరీ కోసం రెండు ప్రాసెస్‌లు కొట్టుకోవడం :) కోనసముద్రం ఉక్కు ఒక కొసన ఉంది, అంతా పదునే. వంటింటి గరిటె ఇంకో కొసన ఉంది, మెరుపే గానీ పదును లేదు. డైవింగ్ కత్తి ఈ రెంటి మధ్యా ఎక్కడో కుదురుకోవాలి.

అందుకని కొనేటప్పుడు చూడాల్సినవి, నాకు తెలిసినంతలో:

420 రకం స్టెయిన్‌లెస్: చవక, తుప్పు తక్కువ, పదును త్వరగా పోతుంది, తేలిగ్గా మళ్ళీ సాన పట్టుకోవచ్చు. 440సి: పదును బాగా నిలుస్తుంది, సముద్రంలో మాత్రం కడిగి ఆరబెట్టకపోతే చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. టైటానియం: తుప్పు ఊసే లేదు, తేలిక, కానీ అంచు మెత్తన. రంపపు పళ్ళుంటే తాళ్ళకి సరిపోతుంది. హెచ్-1, ఎల్‌సీ200ఎన్ లాంటివి: కార్బన్ తగ్గించి ఆ చోట నైట్రోజన్ వాడారు. నైట్రోజన్ కార్బన్‌లా క్రోమియంని దోచుకోదు. ఫారడే రెండు ప్రశ్నలకీ ఒకేసారి జవాబు దాదాపుగా ఇక్కడ దొరికింది. ఖరీదు మాత్రం ఎక్కువే.

ఇంకో సంగతి. స్టెయిన్‌లెస్ రక్షణ పొర మళ్ళీ మళ్ళీ కట్టుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. తడి కత్తిని ఒరలో దోపి సంచిలో పడేస్తే ఆ ఇరుకులో ఆక్సిజన్ ఉండదు, ఉప్పు ఉంటుంది. అందుకే "స్టెయిన్‌లెస్ అన్నాడు, తుప్పు పట్టింది" అని గొడవపడేవాళ్ళలో చాలామంది కత్తులు నీళ్ళలో కాదు, ఒరలో పాడవుతాయి. మంచినీళ్ళతో కడగాలి, ఒర కూడా కడగాలి, విడివిడిగా ఆరబెట్టాలి, కాస్త సిలికోన్ గ్రీజు రాయాలి.

కట్టుకోవడం ఎలా? సినిమాల్లో హీరోలా పిక్క బయటి వైపు పెద్ద బాకు కట్టుకుంటే, తప్పించుకోవాల్సిన వల ముందు దానికే తగులుకుంటుంది. చిన్నది చాలు. ఏ చెయ్యి చిక్కుకున్నా రెండో చేత్తో అందేలా ఛాతీ దగ్గరో నడుం దగ్గరో పెట్టుకోవాలి. కాలికే అయితే లోపలి వైపు. మొన మొండిగా ఉంటే మంచిది, కంగారులో మనల్నీ గాలి గొట్టాన్నీ పొడవదు. ఇది సొరచేపతో యుద్ధానికి కాదు, తాడు కొయ్యడానికి. విమానంలో చెకిన్ లగేజీలోనే పెట్టాలి. మెక్సికోలో కొజుమెల్ లాంటి కొన్ని మెరైన్ పార్కుల్లో కత్తి నిషేధం, ముందే కనుక్కోండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. నాగాయలంక దగ్గర స్కూబా చేసేవాళ్ళు ఉండరు. నీళ్ళు ఒండ్రుతో మట్టిరంగులో ఉంటాయి, మునిగితే చెయ్యి చెయ్యికి కనపడదు. కానీ కత్తి పట్టుకుని మునగాల్సి వచ్చేవాళ్ళు మాత్రం ఉన్నారు. ఒకప్పుడు వలలు జనపనారవి, నూలువి. కుళ్ళకుండా చెట్ల బెరడు కషాయం పట్టించేవాళ్ళు. అయినా కొన్నాళ్ళకి చివికిపోయేవి, గట్టిగా లాగితే తెగేవి. 1950లు, 60లలో మన దేశంలో నైలాను వలలు వచ్చాయి. కుళ్ళవు, తెగవు. ఆ తర్వాత దశాబ్దాల్లో చిన్న పడవలకి కూడా ఇంజన్లు వచ్చాయి. తెగని వల తిరిగే రెక్కలకి చుట్టుకుంటే పడవ నడి నీళ్ళలో ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు కత్తి నోట కరుచుకుని దూకాలి. నైలానూ ఇంజనూ కలిసి వేటకెళ్ళేవాణ్ణి, అతను కోరుకోకుండానే, డైవర్ని చేశాయి. గాలి సిలిండరు లేదు, సర్టిఫికెట్టు లేదు, జత డైవరు లేడు.

నేను చూసిన చోటల్లా అలాంటి పడవల్లో ఉండే కత్తి పాత రంపపు బ్లేడుని అరగదీసి, పిడికి గుడ్డ చుట్టినది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు, ఒక లెక్కన కోనసముద్రానికి దూరపు చుట్టం. పదునుంటుంది, తుప్పూ ఉంటుంది. సరిగ్గా అవసరమైనప్పుడు ఆ తుప్పు అంచు నైలానుని కొయ్యదు, నలుపుతుంది. ఊపిరి బిగబట్టినవాడికి ఆ తేడా చిన్నది కాదు.

మత్స్యకారుల భద్రత అంటే లైఫ్ జాకెట్ల గురించి మాట్లాడతాం, జీపీఎస్ గురించి మాట్లాడతాం, తుపాను హెచ్చరికల గురించి మాట్లాడతాం. అన్నీ కావాల్సినవే. కత్తి గురించి మాత్రం ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఖరీదైన నైట్రోజన్ ఉక్కు అక్కర్లేదు. మొండి మొన, ఒక పక్క రంపపు పళ్ళు ఉన్న మామూలు 420 రకం చాకు, నీళ్ళు నిలవకుండా అడుగున బెజ్జం ఉన్న ప్లాస్టిక్ ఒర చాలు. మనం ఒక డైవింగ్ ట్రిప్పుకి పెట్టే ఖర్చుతో ఒక రేవులో చాలా పడవలకి ఇవి వస్తాయి. సొంతూరికి ఏదైనా చెయ్యాలని, ఆర్చి కట్టించాలా బెంచీలు వేయించాలా అని ఆలోచించేవాళ్ళు దీన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు.

మచిలీపట్నం రేవు నుంచి పోయిన ఉక్కు గొప్పతనం తుప్పు పట్టకపోవడం కాదు. ఇంతకన్నా మంచిది చెయ్యగలమా అని దూరదేశాల వాళ్ళని కూర్చోబెట్టి ఆలోచింపచెయ్యడం. వాళ్ళు ఆలోచించారు, వందేళ్ళు పట్టినా చేశారు. ఆ ఫలితం తిరిగి ఈ రేవు దాకా రావడమే మిగిలింది. ఫార్వర్డ్ మెసేజ్ కన్నా అది మంచి గర్వం అని నా అభిప్రాయం. మీరేమంటారు?