ఒక నేల పాటకు రెండు ఖాతాలు
సోల్, కంట్రీ సంగీతాల పుట్టుపూర్వోత్తరాలు

సోల్ నల్లజాతివారి పాట, కంట్రీ తెల్లజాతివారి పాట. అమెరికా సంగీతం గురించి కాస్తో కూస్తో తెలిసినవారు ముందుగా చెప్పే మాట ఇదే. రేడియో స్టేషన్లు, పాటల పట్టికలు, అవార్డులు దశాబ్దాలుగా ఈ పంపకం మీదే నడిచాయి. అయితే ఆ పాటలు పాడినవారి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పంపకం నిలవదు. వీళ్లలో చాలామంది టెనెసీ, అలబామా, జార్జియా, మిసిసిపీ పత్తిచేలల్లో, రైలుకట్టల మీద, చిన్న ఊళ్ల చర్చిల్లో పెరిగినవారే. ఒకరి దగ్గర ఒకరు వాయిద్యం నేర్చుకున్నారు, ఒకరి పాట ఒకరు పాడుకున్నారు. మరి మధ్యలో గోడ ఎక్కడి నుంచి వచ్చింది? అది పాటలో పుట్టలేదనీ, రికార్డు కంపెనీల అమ్మకం ఖాతాల్లో పుట్టిందనీ, దానివల్ల ఎక్కువగా నష్టపోయింది నల్లజాతి కళాకారులేననీ ఈ వ్యాసం వాదన.

రికార్డులు రాకముందు సంగతి మొదట చూద్దాం. కంట్రీ సంగీతానికి గుర్తుగా ఇవాళ అందరూ చూపించే బాంజో, పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి వాయిద్యం. ఎండిన సొరకాయ బుర్రకు తోలు బిగించి, కర్ర దూర్చి, తీగలు కట్టి, కరీబియన్ దీవుల్లోనూ అమెరికా దక్షిణాది తోటల్లోనూ వాళ్లు దాన్ని తయారు చేసుకునేవారు. 19వ శతాబ్దం నడిమికాలంలో, ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించే తెల్లవారి నాటక బృందాలు బాంజోను దేశమంతా తిప్పాయి. ఫిడేలు బ్రిటిష్ దీవుల నుంచి వచ్చినదే. కానీ తోటల యజమానుల విందుల్లో, నాట్యాల్లో దాన్ని వాయించింది చాలాచోట్ల బానిసలే. అంటే, కంట్రీకి మూలమని చెప్పుకునే ఈ జోడీలో ఒక వాయిద్యం ఆఫ్రికా వారిది, రెండోది ఇద్దరి చేతుల్లోనూ మోగినది. అప్పటికి దక్షిణాదిలో బతుకులను విడదీసే చట్టాలున్నాయి, బాణీలను విడదీసే చట్టం మాత్రం లేదు.

ఆ విడదీత మార్కెట్టు చేసింది. 1920 ఆగస్టులో న్యూయార్కులో ఓకే కంపెనీ మేమీ స్మిత్ చేత ‘క్రేజీ బ్లూస్’ పాడించింది. ఆ రికార్డు విపరీతంగా అమ్ముడుపోవడంతో, నల్లజాతివారు కూడా పెద్ద కొనుగోలుదారులేనని కంపెనీలకు తెలిసొచ్చింది. 1923 జూన్‌లో అదే కంపెనీకి చెందిన రాల్ఫ్ పీర్ అట్లాంటా వెళ్లి ఫిడ్లిన్ జాన్ కార్సన్ పాటలు రికార్డు చేశాడు. కార్సన్ గొంతు పీర్‌కు నచ్చలేదు, కానీ సరుకు చెల్లిపోయింది. పల్లెటూరి తెల్లవారి రూపంలో మరో మార్కెట్టు దొరికింది. అప్పటి నుంచి నల్లవారు పాడినవి ‘రేస్ రికార్డులు’, పల్లె తెల్లవారు పాడినవి ‘పాతకాలపు బాణీలు’ అయ్యాయి. ఆ రెండోవాటికే కొంతకాలానికి ‘హిల్‌బిల్లీ’ అనే పేరు పడింది. కొలంబియా కంపెనీ అయితే నంబర్లు కూడా వేరు చేసింది. మొదటి రకానికి 14000 వరస, రెండో రకానికి 15000 వరస. కేటలాగులు వేరు, ప్రకటనలు వేరు. నల్లజాతి వాద్యకారుల దగ్గర ఫిడేలు బాణీలు ఎన్ని ఉన్నా కంపెనీలు వాటికన్నా బ్లూస్‌నే కోరుకున్నాయి, వారి ఖాతాలో అమ్ముడయ్యే సరుకు అదే కాబట్టి. అందుకే ఊరూరా ఉన్న నల్లజాతి ఫిడేలు బృందాల్లో రికార్డులకెక్కినవి కొన్నే. అలా ఎక్కిన మిసిసిపీ షేక్స్ 1930లో ఇచ్చిన ‘సిట్టింగ్ ఆన్ టాప్ ఆఫ్ ద వరల్డ్’ను తర్వాత బాబ్ విల్స్, బిల్ మన్రో వంటి తెల్లజాతి దిగ్గజాలు తమ పాట చేసుకున్నారు.

ఖాతాలు విడిపోయాక కూడా పాట ఆగలేదు. కంట్రీకి ఆద్యులుగా చెప్పుకునే కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ ఇద్దరినీ 1927లో టెనెసీ సరిహద్దు పట్టణం బ్రిస్టల్‌లో మొదటిసారి రికార్డు చేసింది ఆ రాల్ఫ్ పీరే. ఏ.పి. కార్టర్ కొండ ఊళ్లలో పాటలు ఏరడానికి వెళ్లినప్పుడు వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ బాణీని మనసులో పట్టుకొచ్చేవాడు. మేబెల్ కార్టర్ గిటారు వాయింపు మీద కూడా ఆయన ప్రభావం ఉంది. రోజర్స్ మిసిసిపీలో రైల్వే కూలీల మధ్య పెరిగి, వారి బ్లూస్‌ను తన గొంతులోకి తెచ్చుకున్నాడు. 1930లో ఆయన పాడిన ‘బ్లూ యోడెల్ నంబర్ 9’కు ట్రంపెట్ వాయించినది నల్లజాతి జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన పేరు రికార్డు మీద అచ్చు కాలేదు. తర్వాత కంట్రీ తార అయిన అలబామా కుర్రవాడు హ్యాంక్ విలియమ్స్‌కు గిటారు నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. నాష్‌విల్‌లోని ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ రేడియో కార్యక్రమానికి తొలి తారల్లో ఒకరు నల్లజాతి మౌతార్గాన్ కళాకారుడు డీఫర్డ్ బెయిలీ. పాటల హక్కుల మీద రేడియో వారికీ, రచయితల సంఘానికీ మధ్య తగాదా నడుస్తున్న 1941లో ఆయనను తీసేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన నాష్‌విల్‌లో బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకున్నాడు.

పట్టికల చరిత్ర చూస్తే ఈ గోడ ఎవరి అవసరమో ఇంకా తేటగా కనిపిస్తుంది. బిల్‌బోర్డ్ పత్రిక 1942లో ‘హార్లెమ్ హిట్ పరేడ్’ మొదలుపెట్టి, 1945లో దాన్ని ‘రేస్ రికార్డులు’ అని మార్చింది. 1949 జూన్‌లో ఒకే సంచికలో రెండు పేర్లు మారాయి. ‘రేస్’ కాస్తా ఆ పత్రికలో పనిచేసిన జెర్రీ వెక్స్‌లర్ సూచించిన ‘రిథమ్ అండ్ బ్లూస్’ అయింది, ‘ఫోక్’ కాస్తా ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అయింది. 1969లో మొదటి పట్టిక ‘సోల్’ అయింది, 1982లో ‘బ్లాక్’ అనే అయిపోయింది. పేరు ఎన్నిసార్లు మారినా పట్టిక కొలిచింది రాగాన్నో లయనో కాదు, కొనేవారి రంగును. 1963 నవంబరు నుంచి 1965 జనవరి దాకా పద్నాలుగు నెలలు ఆ పత్రిక ఈ పట్టికనే ఆపేసింది. నల్లవారి పట్టికలో ఉన్న పాటలే అందరి పట్టికలోనూ కనిపిస్తుండడం దీనికి కారణమంటారు.

సోల్ సంగీతానికి పునాది వేసినవారిలో ముందు చెప్పవలసిన రే చార్ల్స్ జీవితం ఈ వాదనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. 1930లో జార్జియాలో పుట్టి ఫ్లోరిడాలో పెరిగిన ఆయన ఏడేళ్లకే చూపు పోగొట్టుకున్నాడు. చిన్నతనంలో శనివారం రాత్రుల్లో ఓప్రీ కార్యక్రమం వినేవాడు. ఇరవై ఏళ్లు నిండకముందే టాంపాలో ‘ఫ్లోరిడా ప్లేబాయ్స్’ అనే తెల్లవారి కంట్రీ బృందంలో పియానో వాయించాడు. 1954లో ఒక చర్చి పాట కట్టును తీసుకుని ‘ఐ గాట్ ఎ వుమన్’ అనే ప్రేమపాట చేశాడు. సోల్ అక్కడే మొదలైందని చాలామంది అంటారు. 1962లో ఆయన తెల్లవారి కంట్రీ పాటలను ఎంచుకుని ‘మోడరన్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ ఆల్బమ్ తెచ్చాడు. అది పద్నాలుగు వారాలు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అందులో డాన్ గిబ్సన్ రాసిన ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ అయిదు వారాలు ప్రధాన పట్టికలో, ఇంకా ఎక్కువ కాలం రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో అగ్రస్థానంలో ఉంది. కంట్రీ పట్టికలో మాత్రం ఎక్కనే లేదు. పేరులోనే కంట్రీ ఉంది, రచయిత కంట్రీవాడు. అడ్డొచ్చింది పాడినవాడి ఒంటిరంగు ఒక్కటే. అంతకు ఏడాది ముందు సాల్మన్ బర్క్ కూడా ‘జస్ట్ అవుట్ ఆఫ్ రీచ్’ అనే కంట్రీ పాటతోనే సోల్ గాయకుడిగా నిలదొక్కుకున్నాడు.

సోల్ తయారైన స్టూడియోల్లోకి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. మెంఫిస్‌లో పాత సినిమాహాలును స్టాక్స్ స్టూడియోగా మార్చిన జిమ్ స్టీవర్ట్, బ్యాంకు ఉద్యోగం చేస్తూ కంట్రీ ఫిడేలు వాయించిన తెల్లజాతివాడు. అక్కడ ఓటిస్ రెడింగ్ వంటివారి వెనుక వాయించిన బుకర్ టీ బృందంలో ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు. అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఫేమ్ స్టూడియో పెట్టిన రిక్ హాల్ కూడా ఫిడేలు వాయిస్తూ కంట్రీ బృందాల్లో తిరిగినవాడే. 1967 జనవరిలో అరీతా ఫ్రాంక్లిన్ అక్కడికి వచ్చి కెరీర్‌ను మలుపు తిప్పిన పాట పాడినప్పుడు తాళం, గిటారు అందించినది స్థానిక తెల్లజాతి యువకులు. ‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’ను ఇద్దరు తెల్లవారు రాయగా, 1967లో జేమ్స్ కార్ పాడి సోల్ మణిపూసగా మార్చాడు. మరుసటి ఏడాదే పోర్టర్ వాగనర్, డాలీ పార్టన్ కంట్రీలో పాడారు. పాట ఒక్కటే, అమ్మిన ఖాతాలు రెండు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. సోల్‌నూ కంట్రీనీ వెంటవెంట వింటే ఎవరికైనా తేడా తెలుస్తుంది కదా, దాన్ని కంపెనీల సృష్టి అనడం అతి కాదా? తేడా ఉంది, కాదనలేం. నల్లజాతి చర్చిలో బోధకుడు ఒక మాట అంటే సభ బదులు పలికే పద్ధతి, ఒకే అక్షరాన్ని పది స్వరాల మీద సాగదీసే గమకం సోల్ ప్రాణం. బోధకుడి కూతురు అరీతాకూ, భక్తిపాటల బృందంలో పేరు తెచ్చుకుని బయటికి వచ్చిన సామ్ కుక్‌కూ అది పెంపకంలో వచ్చింది. కంట్రీలో కథ చెప్పే బల్లాడ్ సంప్రదాయం, స్టీల్ గిటారు సాగుడు ఉన్నాయి. అయితే తేడా ఉండడం వేరు, దాన్ని సరిహద్దుగా గీయడం వేరు. సామాన్యుడి కష్టాన్ని సూటిగా చెప్పడం, శనివారం రాత్రి పాపానికి ఆదివారం ఉదయం పశ్చాత్తాపపడడం, మూడు నాలుగు స్వరసమూహాల (కార్డ్స్) మీద పాటంతా నడపడం రెండింటికీ ఉమ్మడి ఆస్తి. పైగా కంపెనీలు నల్లవారి నుంచి బ్లూస్ మాత్రమే, తెల్లవారి నుంచి ఫిడేలు పాట మాత్రమే కోరుతూ పోవడంతో సహజంగా ఉన్న తేడా ఇంకా పెరిగింది. వినేవారి అభిరుచిని మార్కెట్టు అద్దంలో చూపిందనే మాట అందుకే సగం నిజం. చూపడంతోపాటు, ఆ అభిరుచిని తీర్చిదిద్దింది కూడా మార్కెట్టే.

మరో అభ్యంతరం చార్లీ ప్రైడ్ పేరుతో వస్తుంది. మిసిసిపీలో పాలుకు పత్తి సేద్యం చేసే కుటుంబంలో 1934లో పుట్టి, బేస్‌బాల్ ఆడి, మొంటానాలో లోహం కరిగించే కర్మాగారంలో పనిచేసిన ఈ నల్లజాతి గాయకుడు 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అత్యున్నత పురస్కారం అందుకున్నాడు. గోడే ఉంటే ఆయన ఎలా దాటాడు? దాటిన తీరే జవాబు. ఆర్‌సీఏ కంపెనీ 1966లో ఆయన తొలి రికార్డులను రేడియోలకు పంపినప్పుడు ఫొటో జత చేయలేదు. గొంతు విని తెల్లవాడనుకున్నవారు వేదిక మీద ఆయన్ను చూసి నిశ్శబ్దమైపోతే, తన రంగు మీద తానే హాస్యమాడి వారిని మాటల్లోకి దింపేవాడు. ప్రతిభ ఒక్కటే సరిపోయి ఉంటే ఫొటో దాచే పని ఉండేది కాదు. అదే కాలంలో లిండా మార్టెల్ 1969లో ఓప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి మహిళ అయింది. ఆమె తొలి విజయం ఒక సోల్ పాటకు కంట్రీ రూపమే. ఆమె రికార్డు కంపెనీ పేరు ‘ప్లాంటేషన్’, బానిసల తోట. ఒక్క ఆల్బమ్‌తోనే ఆమె కంట్రీ ప్రస్థానం ఆగిపోయింది. ఒకడు గెలిచినంత మాత్రాన తలుపు తెరిచినట్టు కాదు.

దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు కూడా ఉంది. ఇద్దరూ కలిసి వాయించారు కాబట్టి స్టూడియోల్లో సమానత్వం ఉండేదని మురిసిపోవడం. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన లొరెయిన్ మోటెల్, స్టాక్స్ కళాకారులు కూర్చుని పాటలు కట్టుకునే చోటే. ఆ తర్వాత మెంఫిస్‌లో ఆ కలివిడితనం మునుపటిలా లేదు. కలిసి వాయించినా హక్కులు, స్టూడియోలు, రేడియోలు చాలావరకు తెల్లవారి చేతుల్లోనే ఉన్నాయి. రిడిల్ ఏరిన బాణీల మీద హక్కు కార్టర్ పేరిట నమోదైంది. మూలం ఉమ్మడిది అనడం అంటే లాభం కూడా ఉమ్మడిగా పంచుకున్నారని కాదు.

ఈ ఖాతాలు ఇంకా పూర్తిగా మూతపడలేదు. 2019లో నల్లజాతి గాయకుడు లిల్ నాస్ ఎక్స్ పాడిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను బిల్‌బోర్డ్ కంట్రీ పట్టిక నుంచి తొలగించింది. అదే పాట ప్రధాన పట్టికలో పంతొమ్మిది వారాలు అగ్రస్థానంలో ఉంది. నల్లజాతి గాయని ట్రేసీ చాప్‌మన్ 1988లో పాడిన ‘ఫాస్ట్ కార్’కు కంట్రీ అసోసియేషన్ ఉత్తమ గీతం బహుమతి దక్కింది 2023లో, అదీ తెల్లజాతి గాయకుడు ల్యూక్ కోంబ్స్ పాడాక. బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’కు 2025లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. అదే ఆల్బమ్‌కు కంట్రీ అసోసియేషన్ అంతకుముందు ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. డీఫర్డ్ బెయిలీని కంట్రీ సంగీత గౌరవశాలలో చేర్చింది ఆయన చనిపోయిన ఇరవై మూడేళ్లకు, 2005లో. రే చార్ల్స్‌ను ఎంపిక చేసింది ఆయన పోయిన పదిహేడేళ్లకు, 2021లో. కళాకారులు బతికుండగా మూసి ఉంచిన తలుపును పోయాక తెరవడం గౌరవం అనిపించుకోదు, బాకీ తీర్చడం మాత్రమే అవుతుంది. సోల్, కంట్రీ చరిత్రలను ఇకమీదట ఎవరు రాసినా రెండు పుస్తకాలుగా కాక ఒకే పుస్తకంగా రాయడమే న్యాయం.