బడి ముందు, కొలిమి తర్వాత: దక్షిణ కొరియా యాభై ఏళ్ల కథ

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఈ సంచికకు ఒక వ్యాసం రాయమని కమిటీ మిత్రులు అడిగారు. జ్ఞాపకాలు రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇంజనీరుగా నాకు అలవాటైన పని వేరు. ఒక కట్టడం ఎలా నిలబడింది, పునాదిలో ఏముంది, బరువు ఎవరి మీద పడింది అని చూడటం. అందుకే ఇంచుమించు యాభై ఏళ్లలో ఒక దేశం ఎలా ఎదిగిందో రాస్తున్నాను. ఆ దేశం దక్షిణ కొరియా.

1945లో జపాన్ పాలన ముగిసేనాటికి కొరియాలో పెద్దవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా చదవడం రాదు. తర్వాత దేశం రెండు ముక్కలైంది. గనులు, జలవిద్యుత్ కేంద్రాలు, ఎరువుల ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉత్తరానికి పోయాయి. దక్షిణానికి ప్రధానంగా వరిపొలాలు మిగిలాయి. 1950 నుంచి 1953 వరకు యుద్ధం. అందులో తొమ్మిది నెలలు తిరగకముందే సియోల్ నగరం నాలుగుసార్లు చేతులు మారింది. 1960ల మొదట్లో కూడా తలసరి ఆదాయం ఏడాదికి వంద డాలర్ల ప్రాంతంలోనే ఉండేది.

అయితే పెద్ద ఫ్యాక్టరీలు రాకముందే అక్కడ రెండు పనులు జరిగాయి. మొదటిది భూసంస్కరణ. 1949లో చట్టం చేసి, 1950లో అమలు మొదలుపెట్టారు. గరిష్ఠ పరిమితి మూడు హెక్టార్లు, అంటే సుమారు ఏడున్నర ఎకరాలు. కౌలుదారులు సొంతదారులయ్యారు. రెండవది బడి. యుద్ధకాలంలోనే గుడారాల కింద, చెట్ల నీడన తరగతులు నడిపారు. తరగతి గదులు కిక్కిరిసి, చాలాచోట్ల పూటకో జట్టుగా పాఠాలు చెప్పాల్సి వచ్చింది. అయినా 1950లు ముగిసేసరికి ప్రాథమిక బడి వయసు పిల్లలు దాదాపు అందరూ బడిలో ఉన్నారు. సొంత పొలం వచ్చిన రైతుకు పిల్లల్ని చదివించే ధైర్యం వచ్చింది. తర్వాత దశాబ్దంలో యంత్రాల ముందు నిలబడింది ఆ పిల్లలే.

1961లో సైనిక తిరుగుబాటుతో పార్క్ చుంగ్ హీ అధికారానికి వచ్చారు. 1962లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. బ్యాంకులు ప్రభుత్వం గుప్పిట్లో ఉండేవి. ఎగుమతి చేసే కంపెనీకి చౌక వడ్డీకి అప్పు దొరికేది. అధ్యక్షుడే ఎగుమతుల మీద నెలనెలా సమీక్ష జరిపేవారు. మొదట్లో అమ్మిన సరుకు బట్టలు, ప్లైవుడ్, విగ్గులు. 1964లో ఎగుమతులు 10 కోట్ల డాలర్లు. 1977లో అవి 1,000 కోట్ల డాలర్లకు చేరాయి. పదమూడేళ్లలో వంద రెట్లు!

ఇక నిర్మాణాల సంగతి. సియోల్ నుంచి బూసాన్ దాకా 428 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ రహదారిని 1968 ఫిబ్రవరిలో మొదలుపెట్టి 1970 జూలై 7న తెరిచారు. ఆ పనిలో 77 మంది చనిపోయారు.

పోహాంగ్ ఉక్కు కర్మాగారం లాభసాటి కాదని ప్రపంచ బ్యాంకు తేల్చింది. పాశ్చాత్య కంపెనీల కూటమి డబ్బు సమకూర్చలేకపోయింది. అప్పుడు 1965 ఒప్పందం కింద జపాన్ నుంచి వచ్చిన సొమ్ములో కొంత అటు మళ్లించారు. పరాయి పాలనలో నలిగినందుకు వచ్చిన డబ్బుతో కడుతున్న ఫ్యాక్టరీ కాబట్టి ఓడిపోయే హక్కు మనకు లేదని దాని అధినేత పార్క్ తే జూన్ సిబ్బందికి నూరిపోశారు. 1970లో పనులు మొదలై, 1973 జూన్ 9న మొదటి ఇనుము కరిగి పారింది. 1977లో ఒక కాంక్రీటు కట్టడంలో నాసిరకం పని బయటపడితే, సగానికి పైగా పూర్తయిన దాన్ని అందరి ముందూ పేల్చివేయించారు.

తెలుగువాళ్లకు ఇక్కడ మన విశాఖ ఉక్కు గుర్తుకు రాక మానదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్నది 1990లో. 1992లో ముప్పై లక్షల టన్నుల సామర్థ్యంతో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే ఏడాదికి పోహాంగ్ సంస్థ తన రెండో కర్మాగారంతో కలిపి రెండు కోట్ల టన్నులు దాటింది. మన ఇంజనీర్లకు తెలివి తక్కువై కాదు. నిధులు ఏళ్ల తరబడి రాకపోతే ఏ డ్రాయింగూ కట్టడం కాలేదు.

కథ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్లు. ఆ రహదారి తెరిచిన నాలుగు నెలలకు, 1970 నవంబర్ 13న, సియోల్‌లోని ప్యోంగ్వా బజారులో జియోన్ తే ఇల్ అనే 22 ఏళ్ల దర్జీ కార్మికుడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. నిటారుగా నిలబడటానికి కూడా ఎత్తు చాలని అటకల్లో, పదిహేనేళ్లయినా నిండని ఆడపిల్లలు రోజుకు పద్నాలుగు గంటలు కుట్టుపని చేసేవారు. ఎనిమిది గంటల పనిదినం అని 1953 నాటి చట్టంలోనే ఉంది. బడి మధ్యలో ఆగిపోయిన జియోన్ ఆ చట్టం పుస్తకం సంపాదించాడు. దాని నిండా చైనా లిపి అక్షరాలు. చదివి చెప్పే కాలేజీ స్నేహితుడు ఒక్కడుంటే బాగుండేదని వాపోయేవాడు. అధికారులకు అర్జీలు పెట్టాడు. ఫలితం లేకపోయింది. చివరికి ఆ పుస్తకంతో పాటే కాలిపోయాడు.

అతని చావు తర్వాతే విద్యార్థులు, కార్మికులు ఒకరి వైపు ఒకరు చూడటం మొదలుపెట్టారు. 1980లో గ్వాంగ్జు నగరంలో సైన్యం ప్రజలపై కాల్పులు జరిపింది. 1987 జూన్‌లో జనం వీధుల్లోకి వచ్చి ప్రత్యక్ష అధ్యక్ష ఎన్నికలు సాధించారు. ఆ వేసవిలోనే సమ్మెలు వెల్లువెత్తి, జీతాలు గట్టిగా పెరిగాయి. 1996లో కొరియా సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో చేరింది. మరుసటి ఏడాదే అప్పుల సంక్షోభం వచ్చి ఐఎంఎఫ్ గడప తొక్కింది. 1998 మొదట్లో సుమారు 35 లక్షల మంది పెళ్లి ఉంగరాలు, పిల్లల గొలుసులు తెచ్చి దేశానికి ఇచ్చారు. పోగైన బంగారం 220 టన్నులకు పైమాటే. భయంతో పనిచేయించిన రోజుల్లో ఇది సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం. తమ మాటకు విలువ ఉన్న దేశం కాబట్టే జనం మెడలోది తీసి ఇచ్చారు.

నేడు అక్కడ తలసరి ఆదాయం 30,000 డాలర్లకు పైనే. కానీ 2023లో సంతాన రేటు 0.72, ప్రపంచంలోకెల్లా అడుగున. వృద్ధుల్లో పదిమందిలో నలుగురు పేదరికంలో ఉన్నారు. యువకులుగా బరువు మోసినవాళ్లు వీళ్లే. కట్టడం నిలిచింది, కానీ కొన్ని స్తంభాల్లో పగుళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

మన గురువులు మనకు నేర్పిన అక్షరం మనల్ని ఉద్యోగాల్లోకి చేర్చింది. జియోన్ అడిగింది అంతకంటే చిన్న సాయం: తన కోసం రాసిన చట్టాన్ని చదివి చెప్పే ఒక మనిషి. మన సంఘం నిధి ఇప్పటిదాకా పదో తరగతిలో మొదటి మార్కులు తెచ్చుకున్నవారికి బహుమతులు ఇస్తోంది, మంచిదే. ఈ స్వర్ణోత్సవ సంవత్సరం నుంచి అందులో సగం, ఏడు ఎనిమిది తరగతుల్లో బడి మాని పనికి పోయే పిల్లల కోసం పక్కన పెడదామని సభ్యుల ముందు ప్రతిపాదిస్తున్నాను. సర్వసభ్య సమావేశంలో చర్చించండి.