తెలిసిన లోపం, తెలియని ఖరీదు: అమెరికా కారు మరమ్మతుశాలలకు పెట్టిన నిజాయితీ పరీక్షల చరిత్ర

వ్యాససంగ్రహం

కారు మరమ్మతుశాలల్లో నమ్మదగినవేవో, మోసపూరితమైనవేవో తేల్చడానికి ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో అనుసరించిన ఒక పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బండిలో కావాలని ఒక లోపాన్ని కల్పించి, దాన్ని మరమ్మతుకు ఇచ్చి, వచ్చిన బిల్లును ముందే తెలిసిన లోపంతో పోల్చి చూడడం ఆ పద్ధతి. 1941లో ఒక పత్రిక, 1990–91లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగం దీన్ని ప్రయోగించాయి. పద్ధతి ఒకటే అయినా మొదటిసారి నింద మెకానిక్ స్వభావం మీద పడింది. రెండోసారి అతనికి జీతమిచ్చే విధానం మీద పడింది. ఈ మార్పు ఎలా వచ్చిందన్నదే ఇక్కడి ప్రశ్న.

కీలక పదాలు: మోటారు మరమ్మతు, విశ్వాసాధారిత సేవలు, పనిధర పట్టిక, వినియోగదారుల రక్షణ, వేతన విధానం

1. ఆధారాల చిక్కు

మరమ్మతుశాలల చరిత్ర రాయబూనిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఆధారాలది. ఫిర్యాదులకు కొదవ లేదు. పత్రికలకు రాసిన ఉత్తరాలు, కోర్టు దావాలు, చట్టసభల సంఘాల ముందు చెప్పిన సాక్ష్యాలు పుష్కలంగా ఉన్నాయి. కానీ అలా ఫిర్యాదు చేసినవారిలో చాలామందికి తమ బండికి అసలు ఏమైందో తెలియదు. గేర్ బాక్సు నిజంగా పాడైందా, ఊరికే విప్పి బిగించారా అన్నది యజమాని చెప్పలేడు. కాబట్టి ఫిర్యాదు అతని అసంతృప్తికి ఆధారమవుతుంది గాని మోసానికి కాదు. పైగా పూర్తిగా మోసపోయినవాడు ఫిర్యాదే చేయడు. బండి నడుస్తోంది గనుక ఇచ్చిన డబ్బుకు తగిన పని జరిగిందనే నమ్ముతాడు. చరిత్రకారుడికి చిక్కే పత్రాలలో అతని జాడ ఉండదు.

ఆర్థికశాస్త్రజ్ఞులు మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ 1973లో ఇటువంటి సేవలను ఒక ప్రత్యేక వర్గంగా నిరూపించారు. కొనకముందే గుణం తెలిసే సరుకులు కొన్ని. వాడిన తరువాత తెలిసేవి కొన్ని. వాడిన తరువాత కూడా తేలనివి మరికొన్ని. ఈ మూడో వర్గాన్ని తెలుగులో ‘విశ్వాసాధారిత సేవలు’ అనవచ్చు. ఏది చెడిందో చెప్పేవాడూ, దాన్ని బాగుచేసి డబ్బు పుచ్చుకునేవాడూ ఒక్కడే కావడంలోనే ఇక్కడి ఇబ్బంది ఉంది. వైద్యానికీ ఇది వర్తిస్తుంది. అయితే పరిశోధకుడి దృష్టిలో కారుకు ఒక వెసులుబాటు ఉంది: దానికి కావాలని జబ్బు తెప్పించవచ్చు.

2. షోఫర్ల కాలం నుంచి పనిధర పట్టిక వరకు

మరమ్మతులో మోసం అన్న ఆరోపణ కారుతోపాటే పుట్టింది. కెవిన్ బోర్గ్ 2007లో వెలువరించిన అమెరికా ఆటో మెకానిక్‌ల చరిత్రలో దీని తొలి రూపం కనిపిస్తుంది. 1900 తరువాతి మొదటి దశాబ్దంలో కారు కొన్నది సంపన్నులు. దాన్ని నడిపింది, బాగుచేసింది, బాగుచేయించింది వారి దగ్గర జీతానికి కుదిరిన షోఫర్లు. గుర్రపుబండి తోలేవాడికి యజమాని ఇంట్లో ఎక్కడ నిలబడాలో తరతరాలుగా తెలుసు. షోఫర్ అలా కాదు. యజమానికి లేని యంత్రజ్ఞానం అతనికుంది. తన బండిని తెచ్చినందుకు గ్యారేజీ నుంచి కమీషన్ అడిగాడు. ఇవ్వని గ్యారేజీకి బండి వెళ్ళేది కాదు, వెళ్ళినా తరచు ‘చెడిపోయేది’. ఆనాటి మోటారు పత్రికలు దీన్నే ‘షోఫర్ సమస్య’ అని చర్చించాయి. ఆ చర్చలో కూలివాడి అహంకారం మీద ధనికుల చిరాకు పాలు ఎంతో, మోసం పాలు ఎంతో విడదీయడం సులభం కాదు.

1908లో మార్కెట్టులోకి వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారును రైతులకూ చిరుద్యోగులకూ చేర్చింది. షోఫర్ తప్పుకున్నాడు, యజమానీ మెకానిక్కూ ముఖాముఖి అయ్యారు. కమ్మరి కొలుములు, సైకిలు దుకాణాలు గ్యారేజీలుగా మారాయి. ధర ఎంతవుతుందో ముందు చెప్పలేని పరిస్థితి ఫోర్డ్ కంపెనీకి అమ్మకాల రీత్యా నచ్చలేదు. కర్మాగారంలో ప్రతి పనికీ కాలం నిర్ణయించినట్టే మరమ్మతులో కూడా నిర్ణయించవచ్చునని అది భావించింది. 1910ల చివరి నుంచి 1920లలో డీలర్ల చేత పనిధర పట్టికలను అమలు చేయించడానికి ప్రయత్నించింది. ఫలానా పనికి ఇంత సమయం, ఇంత ధర. మెకానిక్కుకు కూలి కూడా ఆ లెక్కనే.

స్టీఫెన్ మెకింటైర్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రయత్నాన్ని ఫోర్డ్ పద్ధతి వైఫల్యంగా వర్ణిస్తుంది. కారణం యంత్రశాస్త్రంలోనే ఉంది. తయారీలో ప్రతి బోల్టూ కొత్తదే. మరమ్మతుకు వచ్చిన బండిలో తుప్పుపట్టి బిగుసుకున్న బోల్టు ఎంతసేపటికి వస్తుందో ఏ పట్టికా చెప్పదు. పట్టిక వినియోగదారుడికి ధర తెలిపింది, అది మేలే. కానీ పట్టికలో గంటన్నర అని ఉన్న పనిని ముప్పావుగంటలో ముగించినవాడికి లాభం, తీరికగా పరీక్షించి ‘ఏమీ కాలేదు, వైరు వదులైంది’ అని చెప్పినవాడికి నష్టం. లోపం కనుక్కోవడానికి కూలి లేదు, భాగం మార్చడానికి ఉంది. తరువాతి కథలో చాలాభాగం ఈ ఏర్పాటులోనే ఇమిడి ఉంది.

3. ఊడిన వైరు: 1941

1941లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక ఒక పరిశోధన చేయించింది. రోజర్ విలియం రీస్, జాన్ పాట్రిక్ దాన్ని మరుసటి ఏడు పుస్తకంగా కూడా తెచ్చారు. పరిశోధకులు మంచి స్థితిలో ఉన్న కారుతో అప్పటి 48 రాష్ట్రాలూ తిరిగారు. గ్యారేజీ దగ్గరపడగానే ఇగ్నిషన్ కాయిల్ నుంచి ఒక వైరు ఊడదీసి, బండి సరిగా నడవడం లేదని చెప్పేవారు. బానెట్ ఎత్తి చూస్తే కనపడే లోపం అది. చేతితో తిరిగి తగిలిస్తే పని పూర్తి.

మొత్తం 347 గ్యారేజీలను పరీక్షించగా 129 గ్యారేజీలు వైరు సంగతి చెప్పి నిజాయితీగా సరిచేశాయి. మిగిలిన 218, అంటే 63 శాతం, లేని లోపాలు చెప్పడమో, చేయని పనికి డబ్బు తీసుకోవడమో, అధికంగా వసూలు చేయడమో చేశాయి. ఇదే తరహా పరీక్ష రేడియో, గడియారం మరమ్మతు దుకాణాలకూ పెట్టారు. 304 రేడియో దుకాణాల్లో 195, 462 గడియార దుకాణాల్లో 226 మోసానికి పాల్పడినట్టు లెక్క తేలింది. తరువాతి దశాబ్దాల నేరశాస్త్ర గ్రంథాల్లో ఈ అంకెలు విస్తృతంగా ఉదహరించబడ్డాయి.

ఈ 63 శాతాన్ని యథాతథంగా స్వీకరించడం కష్టం. ఆ కారు ఊరిది కాదు. దారిన పోయే బండి. ఆ యజమాని మళ్ళీ ఆ గడప తొక్కడని గ్యారేజీవాడికి తెలుసు. కనుక ఆ అంకె పరాయివాడి పట్ల ప్రవర్తనను కొలిచింది గాని, ఇరుగుపొరుగు బండ్ల పట్ల ప్రవర్తనను కాదు. రెండవది, లోపం అతి సులువైనది కావడంతో చేతకానితనానికి దాదాపు చోటు లేకుండా పోయింది. నిజాయితీని విడిగా కొలవాలంటే అది గుణమే. కానీ మామూలు గ్యారేజీ జీవితంలో చేతకానితనం, మోసం పెనవేసుకుని ఉంటాయి. లోపం దొరక్క నాలుగు భాగాలు మార్చినవాడు మోసగాడా, అజ్ఞానా అన్నది బిల్లు చూసి తేల్చలేము. మూడవది, కార్ల అంకె రేడియోల అంకెకు (64 శాతం) ఎంత దగ్గరగా ఉందో గమనించదగ్గది. అంటే బయటపడింది మోటారు మెకానిక్ అనే జాతి లక్షణం కాదు, మూతపెట్టిన పెట్టె ఏదైనా దాని లక్షణం. అయినా పత్రిక చదివిన సామాన్యుడికి మిగిలింది ఒకే అర్థం: మెకానిక్కులు చెడ్డవాళ్ళు, జాగ్రత్త.

1942 ఫిబ్రవరిలో యుద్ధం కారణంగా పౌరులకు కొత్త కార్ల తయారీ ఆగిపోయింది. ఉన్న కారునే నెట్టుకు రావలసి రావడంతో, నిన్న తిట్టిన మెకానిక్కునే ఆశ్రయించక తప్పలేదు.

4. మనిషి నుంచి ఏర్పాటుకు

1968 డిసెంబరులో సెనేటర్ ఫిలిప్ హార్ట్ అధ్యక్షతన సెనేట్ ఉపసంఘం మరమ్మతు పరిశ్రమపై విచారణలు ప్రారంభించింది. అది గుత్తాధిపత్య వ్యతిరేక ఉపసంఘం కావడం గమనార్హం. ప్రశ్న గ్యారేజీ గుమ్మం దాటి కార్ల కంపెనీల వరకు వెళ్ళింది. 1970లో విలియం లెనర్డ్, మార్విన్ వెబర్ ప్రచురించిన వ్యాసం ఇదే వాదాన్ని సామాజికశాస్త్ర పరిభాషలో చెప్పింది: తయారీదారులు డీలర్ల మీద పెట్టే ఒత్తిడే నేరాన్ని పుట్టిస్తుంది.

దీని ఫలితంగా వచ్చిన చర్యలు రెండు దారుల్లో నడిచాయి. 1972లో ఏర్పడిన జాతీయ సంస్థ మెకానిక్కులకు స్వచ్ఛంద పరీక్షలు పెట్టి యోగ్యతాపత్రాలిచ్చింది. మిషిగన్ 1974 చట్టంతో యోగ్యతను నిర్బంధం చేసింది. కాలిఫోర్నియా 1971 చట్టం వేరే దారి పట్టింది. అది మెకానిక్ చదువును అడగలేదు, మరమ్మతుశాలను నమోదు చేసుకోమంది, కాగితాలు అడిగింది. ముందుగా రాతపూర్వకమైన అంచనా, దాన్ని మించాలంటే యజమాని అనుమతి, పద్దువారీ బిల్లు, కోరితే మార్చిన పాత భాగాల అప్పగింత.

ఈ చివరి నిబంధన ప్రత్యేకంగా పరిశీలించదగినది. పాత సామాను చేతికిచ్చినా యజమానికి దాని మంచిచెడ్డలు తెలియవు. కానీ ఇంకొక మెకానిక్కుకు చూపించవచ్చు. అంటే చట్టం యజమానికి జ్ఞానాన్ని ఇవ్వలేదు, సాక్ష్యాన్ని ఇచ్చింది. తెలుగునాట షెడ్డుల్లో ‘పాత సామాను ఏదీ?’ అని అడగడం చట్టం చెప్పకుండానే అలవాటుగా ఉన్న సంగతి. అనుభవం నేర్పిన ఆ జాగ్రత్తనే కాలిఫోర్నియా శాసనభాషలో పెట్టింది.

హెచ్చరికలతో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. 1980లలో పాల్ జెసిలో, గిల్బర్ట్ గైస్ తదితరులు కాలిఫోర్నియాలో బ్యాటరీలతో చేసిన ప్రయోగం, ప్రచారం వల్ల మరమ్మతు మోసం తగ్గదని నిర్ధారించింది.

5. గుర్తులు పెట్టిన భాగాలు: 1990–92

కాలిఫోర్నియా మోటారు మరమ్మతుల విభాగం 1990 చివర సియర్స్ సంస్థ కారు మరమ్మతు కేంద్రాలపై రహస్య పరీక్షలు మొదలుపెట్టింది. 1941 నాటి వైరు ఆటకు ఇది ఎంతో పెరిగిన రూపం. బండ్ల బ్రేకులు, సస్పెన్షన్ ముందే విప్పి పరీక్షించి, భాగాలకు గుర్తులు పెట్టి ఫొటోలు తీశారు. అరిగిన బ్రేకుల వంటి చిన్న లోపం మాత్రమే మిగిల్చి కేంద్రాలకు పంపారు. 38 పర్యాయాల్లో 34 సార్లు అవసరం లేని పనులు అంటగట్టినట్టు విభాగం ప్రకటించింది. 1992 జూన్‌లో రాష్ట్రంలోని 72 కేంద్రాల నమోదును రద్దు చేయడానికి చర్య తీసుకుంది.

ఈసారి విచారణ బిల్లుల దగ్గర ఆగలేదు. సంస్థ అంతకుముందే తన జీతాల పద్ధతి మార్చిందని బయటపడింది. మెకానిక్కుల గంటకూలిలో కొంత తగ్గించి, చేసిన పనిని బట్టి వచ్చే భాగాన్ని కలిపారు. కారు యజమానితో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్లకు కమీషన్‌తోపాటు కోటాలు పెట్టారు: బ్రేకులు ఇన్ని, అలైన్‌మెంట్లు ఇన్ని అమ్మాలని. అడ్వైజర్ పేరుకు సలహాదారు, జీతం రీత్యా అమ్మకందారు.

సంస్థ వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. అరగబోయే భాగాన్ని ముందే మార్చడం నివారణ చర్య అని, అది పరిశ్రమలో అందరూ పాటించే పద్ధతే అని అది వాదించింది. నిజమే, ‘అవసరం’ ఎప్పుడు మొదలవుతుందో స్ప్రింగుకు గీత గీసి చూపలేము. అయితే కోటా ఉన్న చోట ఆ గీత ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది. సంస్థ అధిపతి ఎడ్వర్డ్ బ్రెనన్ ఉద్దేశపూర్వక మోసాన్ని ఒప్పుకోలేదు గాని, లక్ష్యాలు నిర్ణయించిన తీరు పొరపాట్లకు తావిచ్చిందని అంగీకరించి, అడ్వైజర్ల కమీషన్‌నూ కోటాలనూ తొలగించాడు. వినియోగదారులకు 50 డాలర్ల కూపన్లు ఇచ్చి వ్యాజ్యాలు పరిష్కరించుకున్నారు. 1941లో ఈ అంగీకారం ఊహకందదు. అప్పుడు 218 మంది దోషులు, ఇప్పుడు ఒక జీతాల పట్టిక. అయితే రద్దయింది ఒక సంస్థ కోటాలే. గంటకు బదులు పనికి కూలి కట్టే పాత పద్ధతి వృత్తిలో కొనసాగింది.

6. పరీక్ష చేరని చోటు

కల్పించిన లోపం ఒక గ్యారేజీని పరీక్షిస్తుంది. గ్యారేజీకి పని నేర్పే పుస్తకం, లోపం చదివే పరికరం, అసలు భాగం ఎవరి చేతిలో ఉన్నాయో అది చెప్పదు. ఇంజన్లు కంప్యూటర్ల అధీనంలోకి వెళ్ళాక ఈ ప్రశ్న ముందుకు వచ్చింది. మసాచుసెట్స్ 2012లో మరమ్మతు హక్కు చట్టం చేసింది. భారతదేశంలో అదే ప్రశ్న పోటీ చట్టం కింద వచ్చింది. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ విడిభాగాలనూ, లోపాన్ని కనిపెట్టే పరికరాలనూ స్వతంత్ర మెకానిక్కులకు అందనీయలేదంటూ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. శిక్షణ లేనివారి చేతికి భాగాలు వెళ్తే ప్రమాదమన్నది కంపెనీల వాదనల్లో ఒకటి. 1900ల నాటి యజమానులు షోఫర్ గురించి పడిన బెంగకూ దీనికీ పోలిక ఉంది. కమిషన్ ఆ వాదనను అంగీకరించలేదు. విజయవాడ ఆటోనగర్ షెడ్డులోని మేస్త్రీ కూడా ఆ ఆదేశం చెప్పిన స్వతంత్ర మెకానిక్కుల కోవలోకే వస్తాడు.

ఆదేశంపై న్యాయవివాదాలు సాగినా, అందులోని ఒక నిర్దేశం ఈ చరిత్రకు సూటిగా తగులుతుంది. బయటి మెకానిక్కు చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేయరాదు; అతని తప్పుడు పని వల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చు. ఆ నష్టం ఎవరి పని వల్ల కలిగిందో చెప్పవలసింది మళ్ళీ బండిని విప్పినవాడే.