మైక్రోవేవ్ ఓవెన్: రాడార్ నుండి హోటలు వంటశాల వరకు

కొద్ది వారాల క్రితం, పూర్వం నా వద్ద కాంపౌండరుగా పనిచేసిన వ్యక్తి కుమారుడు మా ఇంటికి వచ్చాడు. పట్టణంలో టిఫిన్ సెంటరు, కర్రీ పాయింటు కలిపి నడుపుకుంటున్నాడు. మూతపడిన ఒక హోటలు నుండి పెద్ద మైక్రోవేవ్ ఓవెన్‌ను సెకండ్ హ్యాండులో కొన్నాడట. అది ఇళ్ళలో వాడే రకం కాదు, హోటళ్ళ కోసం తయారైనది. "డాక్టరు గారూ, దాని కిరణాలు తగిలితే క్యాన్సర్ వస్తుందని అందరూ భయపెడుతున్నారండీ. మా వంటమాస్టరు దాని దగ్గరకే పోనంటున్నాడు. మీరొకసారి చూసి చెప్పాలి" అన్నాడు. నేను విద్యుత్ పరికరాల నిపుణుడను కాను. అయినా తండ్రితో ఉన్న పాత స్నేహం వల్ల కాదనలేక వెళ్ళాను.

వంటమాస్టరు భయపడవలసిన విషయాలు అక్కడ మూడు కనిపించాయి. ఆయన భయపడుతున్న క్యాన్సర్ ఆ మూడింటిలో లేదు. ఆ మూడింటినీ వివరించాలంటే ఈ పెట్టె పుట్టుక నుండి మొదలుపెట్టడం మంచిది. దాని వాడకంలో మనం పాటించే జాగ్రత్తలలో చాలా భాగం దాని చరిత్రలోనే పుట్టాయి.

రెండవ ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలమది. 1940 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు కొత్త తరహా మాగ్నెట్రాన్‌ను తయారుచేశారు. అది సుమారు 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల సూక్ష్మతరంగాలను, అంటే మైక్రోవేవ్‌లను, అంతవరకు ఎవరూ ఊహించనంత శక్తితో వెలువరించే రాగి దిమ్మె. విమానంలో ఇమిడేంత చిన్న రాడార్ దానివల్ల సాధ్యమయింది. అదే సంవత్సరం హెన్రీ టిజార్డ్ నాయకత్వంలోని బృందం ఆ రహస్యాన్ని అమెరికాకు చేరవేసింది. అక్కడ వాటిని పెద్దయెత్తున తయారుచేసిన సంస్థలలో రేథియన్ ముఖ్యమైనది. ఆ సంస్థలో మాగ్నెట్రాన్ ఉత్పత్తిని ఎన్నో రెట్లు పెంచిన ఇంజనీరు పెర్సీ స్పెన్సర్.

ఈయన జీవితం మన పిల్లలకు చెప్పదగినది. 1894లో మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. పిన్నతనంలోనే బడి మాని మిల్లులో పనికి కుదిరాడు. నౌకాదళంలో చేరి వైర్‌లెస్ విద్యను పుస్తకాలు చదివి తనకు తానే నేర్చుకున్నాడు. 1945లో ఒకనాడు పనిచేస్తున్న మాగ్నెట్రాన్ ఎదుట నిలబడి ఉండగా, జేబులోని తినుబండారం కరిగిపోవడం గమనించాడు. అది చాక్లెట్ అని లోకం చెప్పుకుంటుంది. కుటుంబసభ్యులు మాత్రం వేరుశనగ పలుకుల బిళ్ళ అంటారు, మన చిక్కీ వంటిది. అటువంటి వెచ్చదనాన్ని అంతకుముందు వేరేవారూ గమనించి ఉండవచ్చు. ఈయన మాత్రం వెంటనే మొక్కజొన్న గింజలు తెప్పించి పేలాలు చేసి చూశాడు. తరువాత కోడిగుడ్డు పెట్టగా అది పేలి, తొంగిచూస్తున్న సహోద్యోగి ముఖాన పడిందట. నేటికీ పెంకుతో ఉన్న గుడ్డును ఇందులో పెట్టరాదని మనం చెప్పే మాటకు మొదటి సాక్షి ఆ సహోద్యోగే. అదే సంవత్సరం అక్టోబరులో స్పెన్సర్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది 1950లో మంజూరయింది.

గమనించవలసిన సంగతి ఏమంటే, ఈ ఓవెన్ మొదట ఇంటి కోసం పుట్టలేదు. 1947లో విడుదలైన 'రాడారేంజ్' సుమారు 1.8 మీటర్ల ఎత్తు, 340 కిలోల బరువు కలది. చల్లబరచడానికి నీటి గొట్టాలు కావాలి. వెల కొన్ని వేల డాలర్లు. హోటళ్ళు, ఓడల వంటశాలలు తప్ప దానిని భరించగలవారు లేరు. అణుశక్తితో నడిచిన వర్తకనౌక 'సవానా' వంటశాలలో కూడా ఒకటి ఉండేది. వంటింటి బల్లపై పట్టే నమూనా 495 డాలర్ల వెలకు రావడానికి 1967 వరకు ఆగవలసి వచ్చింది.

వైద్యరంగానికి ఈ తరంగాలతో పరిచయం అంతకుముందే ఉంది. కండరాల నొప్పులకు ఇచ్చే డయాథెర్మీ చికిత్స మీలో కొందరికి తెలిసే ఉంటుంది. యుద్ధానంతరం ఆ చికిత్సకు మైక్రోవేవ్‌లను కూడా వాడసాగారు. 1950లలో లండన్‌లో జేమ్స్ లవ్‌లాక్, గడ్డకట్టించిన హాంస్టర్లను తిరిగి వేడెక్కించి బ్రతికించే ప్రయోగాలలో మాగ్నెట్రాన్‌ను వాడాడు. అదే పరికరంలో తన భోజనానికి బంగాళాదుంప ఉడికించుకున్నానని తరువాత చెప్పుకున్నాడు. ప్రాణం పోయడానికి, దుంప ఉడకడానికి ఒకే వేడి!

ఆ వేడి వల్ల కలిగే కీడును కూడా వైద్యులే మొదట గుర్తించారు. 1948లో అమెరికాలో జంతువులపై జరిగిన ప్రయోగాలలో, తీవ్రమైన మైక్రోవేవ్‌లు కంటికి తగిలితే శుక్లాలు ఏర్పడతాయని తేలింది. శరీరంలో ఏ భాగమైనా వేడెక్కితే రక్తం ప్రవహించి ఆ వేడిని తీసుకుపోతుంది. కంటి కటకానికి రక్తనాళాలు లేవు. అందువల్ల అక్కడ చేరిన వేడి అంత సులభంగా పోదు. ఈ తరంగాల హాని అంటే ముఖ్యంగా ఇదే: వేడి, దానివల్ల కాలడం. ఎక్స్-రేల వలె అణువులలోని ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి వీటికి లేదు. జన్యువులను విరిచి క్యాన్సర్ కలిగించడానికి కావలసిన శక్తి వీటిలో చాలదు. 'రేడియేషన్' అనే ఒకే మాటను రెండింటికీ వాడడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. వెన్నెల కూడా రేడియేషనే.

మరి రష్యాలో వీటిని 1976లో నిషేధించారని వాట్సాప్‌లో తిరిగే సందేశం మాటేమిటి? దానికి ఆధారం లేదు. 1980లలో సోవియట్ కర్మాగారాలే వీటిని తయారుచేశాయి. ఆ వదంతికి బీజం వేరే అయి ఉండవచ్చునని నా ఊహ. పనిచేసే చోట మనిషికి తగలదగిన మైక్రోవేవ్ తీవ్రతను అమెరికా నిపుణులు చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లుగా సూచించగా, సోవియట్ యూనియన్ పూర్తి పనిదినానికి 10 మైక్రోవాట్లుగా, అంటే వెయ్యో వంతుగా నిర్ణయించింది. ఎవరు సరి అనే వాదం చాలాకాలం నడిచింది. శాస్త్రజ్ఞుల మధ్య నడిచిన ఆ వాదమే జనంలోకి వచ్చేసరికి నిషేధంగా మారి ఉంటుంది.

ఈ పెట్టె ఇళ్ళలోకి అడుగుపెట్టగానే ప్రభుత్వం మేలుకున్నది. 1968లో అమెరికా కాంగ్రెసు రేడియేషన్ వెలువరించే పరికరాల నియంత్రణకు చట్టం చేసింది. దాని క్రింద వచ్చిన ప్రమాణం 1971 అక్టోబరు తరువాత తయారైన ఓవెన్లకు వర్తించింది. పెట్టె ఉపరితలానికి 5 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే, లీకయ్యే శక్తి కొత్తదానిలో చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీవాటును, వాడకంలో ఉన్నదానిలో 5 మిల్లీవాట్లను మించరాదు. దూరం పెరిగేకొద్దీ అది త్వరగా క్షీణిస్తుంది. అర మీటరు దూరంలో ఉన్నవారికి తగిలేది 5 సెంటీమీటర్ల వద్ద ఉన్నదానిలో దాదాపు వందో వంతు. పూర్వపు పేస్‌మేకర్లకు మాత్రం అది ఇబ్బంది కలిగించేది. అందుకే ఒకప్పుడు హోటళ్ళలో హెచ్చరిక పలకలు ఉండేవి. ఇప్పటి పేస్‌మేకర్లకు తగిన కవచం ఉంటుంది.

ఆ ప్రమాణంలో అన్నింటికన్నా విలువైనది తలుపుకు సంబంధించిన నిబంధన. తలుపు తెరవగానే తరంగాలు ఆగిపోయేటట్లు, ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు తాళపు స్విచ్చులు ఉండాలి. అవి విఫలమైతే పసిగట్టి ఓవెన్‌ను పనికిరాకుండా చేసే మూడవ ఏర్పాటు కూడా ఉండాలి. సాధారణంగా ఆ పనిచేసేది ఫ్యూజును కాల్చివేసే స్విచ్చు.

మా వాడి దుకాణంలో నేను చూసిన మొదటి ప్రమాదం ఇదే. తలుపు కొక్కెం అరిగిపోయి సరిగా పడడం లేదు. ఫ్యూజు పదే పదే పోతున్నదని పిలిపించిన మెకానిక్, ఆ మూడవ స్విచ్చును తొలగించి, తాళపు స్విచ్చులను తీగతో కలిపివేశాడు. ఇప్పుడు తలుపు కొద్దిగా తెరచి ఉన్నా ఓవెన్ నడుస్తుంది! ఫ్యూజు పోవడం జబ్బు కాదు, జ్వరం వంటి లక్షణం. కారణం వెతకకుండా జ్వరమాపకాన్ని పగులగొట్టినట్లయింది. వంటమాస్టరు ఎత్తుకు సరిగ్గా కళ్ళ ఎదుట ఉన్నది ఆ తలుపు. వెంటనే ప్లగ్గు తీయించి, కంపెనీ శిక్షణ పొందిన మనిషి వచ్చి తలుపు, స్విచ్చులు మార్చేవరకు ముట్టుకోవద్దన్నాను.

రెండవది పెట్టె పైరేకు. దానికి సగం మరలు లేవు. "లోపల దుమ్ము మేమే తుడుచుకుంటామండీ, ప్లగ్గు తీసేగా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఉద్యోగ విరమణకు ముందు చూసిన ఒక కేసు గుర్తుకు వచ్చింది. ఒక రాత్రి క్యాజువాలిటీకి పాతికేళ్ళు నిండని మెకానిక్‌ను తెచ్చారు. "ప్లగ్గు తీసే ముట్టుకున్నాడండీ" అని వెంట వచ్చిన తోటివాడు మాటిమాటికీ చెబుతూనే ఉన్నాడు. చాలాసేపు ప్రయత్నించాము. బ్రతకలేదు. మాగ్నెట్రాన్‌కు నాలుగు వేల వోల్టుల వరకు కావాలి. ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటరు కలిసి 230 వోల్టుల కరెంటును ఆ స్థాయికి పెంచుతాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటరులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. హోటలు ఓవెన్లలో రెండేసి మాగ్నెట్రాన్లు, రెండేసి కెపాసిటర్లు కూడా ఉంటాయి. ఈ పెట్టె పైరేకును వాడుకదారులు ఎన్నడూ విప్పరాదు.

ఇక మూడవది. నా దృష్టిలో రోజువారీగా ఎక్కువమందికి కీడు చేసేది ఇదే. లోతైన ప్లాస్టిక్ డబ్బా నిండా ఉదయపు పప్పు ఉంది. రెండు నిమిషాలు తిప్పి, అంచున పొగలు రాగానే వడ్డిస్తున్నారు.

ఈ తరంగాల పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. పెట్టె లోపల అవి గోడలకు తగిలి వెనుకకు మళ్ళి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల కృశిస్తాయి. ఆహారంలోకి అవి రెండు మూడు సెంటీమీటర్లకు మించి బలంగా చొరబడవు. మధ్యభాగం చుట్టుప్రక్కల వేడి ప్రాకితేనే వేడెక్కుతుంది. ఇంటి ఓవెన్లలోని తిరిగే పళ్ళెం ఈ లోపాన్ని కొంత సరిదిద్దడానికి వచ్చినదే. హోటలు రకంలో సాధారణంగా పళ్ళెం తిరగదు. తరంగాలను చెదరగొట్టే రెక్క అడుగు పలక క్రిందనో పైకప్పులోనో తిరుగుతుంది. ఏదైనా పూర్తి సమానత రాదు.

1992లో అలాస్కాలోని జూనో పట్టణంలో ఒక విందు జరిగింది. కాల్చిన పంది మాంసంలో సాల్మొనెల్లా క్రిములు మిగిలి ఉన్నాయి. మిగిలిన మాంసాన్ని ఇంటికి తీసుకువెళ్ళి మళ్ళీ వేడిచేసుకున్నవారిని వైద్యులు విచారించారు. పెనంపైనో మామూలు ఓవెన్‌లోనో వేడిచేసుకున్న 20 మందిలో ఒక్కరికీ జబ్బు చేయలేదు. మైక్రోవేవ్‌లో వేడిచేసుకున్న 10 మందిలో పదిమందికీ చేసింది. ఇంత స్పష్టమైన లెక్క వైద్యచరిత్రలో అరుదు. 2007లో అమెరికాలోనే, గడ్డకట్టించి అమ్మిన ఒక మాంసపు వంటకం మైక్రోవేవ్‌లో సరిగా వేడెక్కక సుమారు 400 మందికి సాల్మొనెల్లా సోకింది. ఓవెన్ తరంగాలు ఎవరినీ తాకలేదు. తాకవలసిన క్రిములనే తాకలేదు.

కాబట్టి పదార్థాన్ని వెడల్పాటి, లోతులేని గాజు లేక పింగాణీ పాత్రలో పరచాలి. మధ్యలో ఆపి కలియబెట్టాలి. తీసిన తరువాత మూతతో రెండు నిమిషాలు ఉంచాలి. నడిమధ్య ఉష్ణోగ్రత 74 డిగ్రీలకు చేరాలి. అన్నం సంగతి ఇంకా కఠినం. వండి గది వేడిలో గంటల తరబడి వదిలిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషం ఎంత వేడిచేసినా పోదు. నిన్నటి అన్నంతో ఫ్రైడ్ రైస్ చేసేవారు దానిని వండిన వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పసిపిల్లల పాలసీసాను ఇందులో వేడిచేయవద్దనడానికి కారణం కూడా ఈ అసమానతే. సీసా గోరువెచ్చగా ఉంటుంది, లోపలి పాలు నోరు కాలుస్తాయి. రక్తం సంచిని వంటింటి ఓవెన్‌లో వెచ్చబెడితే వేడెక్కిన చోట రక్తకణాలు పగిలి రోగి ప్రాణం మీదకు వస్తుంది. నీటిని కూడా మరీ ఎక్కువసేపు ఉంచితే బుడగలు రాకుండానే మరుగుస్థానం దాటి, చెంచా పెట్టగానే పైకి ఎగజిమ్ముతుంది.

శుభ్రత విషయం కూడా కొంత చెప్పాలి. తలుపు అంచున, అది ఆనే చట్రంపైన పప్పు, నూనె ఎండి పేరుకుంటే తలుపు పూర్తిగా మూసుకోదు. రోజూ పని ముగిశాక తడిగుడ్డతో, సబ్బునీటితో తుడవాలి. ఇనుప పీచు, కత్తి వాడరాదు. లోపలి పైకప్పు పలకపై మాడిన జిడ్డు తరంగాలను పీల్చుకుని నిప్పురవ్వలు వేస్తుంది. గాలి వడపోత జల్లెడను వారానికొకసారి తీసి కడగాలి. అది మూసుకుపోతే మాగ్నెట్రాన్ వేడెక్కి చెడిపోతుంది. ఖాళీ పెట్టెను నడపరాదు. తలుపుపై పళ్ళేలు ఆనించడం, మోచేతితో బాది మూయడం హోటళ్ళలో నిత్యం చూస్తాను. కొక్కెం అరగడానికి అదే కారణం.

పది రోజుల తరువాత కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. తలుపు, స్విచ్చులు మార్చారు. లీకేజీ కొలిచి కాగితం ఇచ్చారు. ఆహారంలో గుచ్చి చూసే థర్మామీటరు కూడా ఒకటి కొన్నాడు. "పాత డబ్బాలోనే పప్పు పెట్టి రెండు నిమిషాలు తిప్పి చూశానండీ. అంచున 81, మధ్యలో 43" అన్నాడు. ఆ డబ్బాలను ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకోవడానికి వాడుతున్నారట. వంటమాస్టరు తలుపు తుడిచే గుడ్డను ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదని కూడా చెప్పాడు.