పేరు వెనుక పనితనం

మా బాపు కరీంనగర్‌లో వెండి పని చేసేవాడు. నేను అదే ఊళ్లో దుకాణాలకు వెబ్‌సైట్లు తయారు చేసి బతుకుతున్నాను. డొమైన్ పేరు కావాలని ఎవరొచ్చినా ముందు మా వెండితీగ పని సంగతి చెప్తాను. పేరుకు విలువ ఎట్లా వస్తుందో అందులోనే ఉంది.

వెండి కడ్డీని కమ్మచ్చు బెజ్జాల్లోంచి, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా, లాగి లాగి వెంట్రుకంత సన్నం చేస్తారు. రెండు తీగలు కలిపి మెలేస్తారు. దాన్ని సాపు చేసి, చిన్న చిన్న చుట్టలుగా చుట్టి, చట్రంలో పొదుగుతారు. వెలిగారం, టంకం పొడి వేసి మంట ఊదుతారు. మంట రవ్వంత ఎక్కువైతే తీగ కరిగి, పొద్దంతా చేసిన పని పోతుంది. ఎలగందులలో మొదలై కరీంనగర్‌లో స్థిరపడిన ఈ పనికి రెండు వందల ఏండ్ల చరిత్ర ఉందని పెద్దలు చెప్తారు. ఈ తీగతో చేసిన అత్తరుదాని మీద చేసినవాడి పేరు ఉండేది కాదు. ఊరి పేరే ముద్ర.

ఆ ముద్రకు చట్టం అండ చాలా ఆలస్యంగా దొరికింది. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. మా వెండితీగ పనికి, అంటే కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి, 2007లో ఆ గుర్తింపు దక్కింది. పొనికి చెక్కతో చేసే నిర్మల్ బొమ్మలకూ దక్కింది. ఓజా కళాకారులు మైనంతో అచ్చు కట్టి పోతపోసే ఆదిలాబాద్ డోక్రా లోహపు పనికి 2018లో వచ్చింది. ఈ పేర్లు ఏ ఒక్క వ్యాపారి సొత్తూ కావు, ఆ పని చేసే అందరివీ. యంత్రం మీద చేసిన బొమ్మకు నిర్మల్ పేరు తగిలించి ఇంటర్నెట్‌లో అమ్మితే, ఆ చేతుల కూడు లాక్కున్నట్టే.

ఇక దుకాణాల పేర్ల సంగతి. కరీంనగర్ సర్కస్ గ్రౌండ్ దగ్గర ఒక లక్ష్మి జువెలర్స్, జగిత్యాలలో ఇంకో లక్ష్మి జువెలర్స్ ఉన్నా ఒకప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. ఊరు వేరు, గిరాకీ వేరు. డాట్ కామ్ వచ్చాక ఒక పేరు లోకం మొత్తంలో ఒక్కరికే. తగాదాలు అక్కడే మొదలైనయి.

ఆ తగాదాల్లో మన హైదరాబాదు కంపెనీలూ ఉన్నయి. డాక్టర్ రెడ్డీస్ పేరును పోలిన డొమైన్‌ను వేరే వ్యక్తి నమోదు చేసుకుంటే, 2001లో ఢిల్లీ హైకోర్టు ఆపింది. ఇంకా పెద్ద కేసు సత్యం ఇన్ఫోవే కంపెనీది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ పెట్టిన పిల్ల కంపెనీ అది. తన పేరులోంచే ‘సిఫీ’ అనే మాట పుట్టించుకుని 1999లో డొమైన్లు తీసుకుంది. తర్వాత ఇంకో సంస్థ ‘సిఫ్ఫీనెట్’ అని పెట్టుకుంది. సంస్థ పెట్టిన అయిదుగురి పేర్ల మొదటి అక్షరాలు కలిపితే అట్లా వచ్చిందని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు ఆపమంది, కర్ణాటక హైకోర్టు కాదంది. 2004 మే 6న తీర్పు చెప్తూ సుప్రీంకోర్టు ఆ అక్షరాల కథను నమ్మలేదు. డొమైన్ పేర్లకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి పేరుతో ఇంకొకరు చెలామణి కావడం ట్రేడ్‌మార్కు విషయంలో ఎట్లా తప్పో ఇక్కడా అట్లాగే తప్పని తేల్చింది. ఒక ‘ఎఫ్’ ఎక్కువ పెట్టినంత మాత్రాన పేరు కొత్తది కాదు. ఆ తీర్పు సరైనదని నా గట్టి నమ్మకం.

డొమైన్ దొరికిందంటే హక్కు దొరికినట్టు కాదు. అమ్మేవాళ్లు ఖాళీగా ఉందా అని మాత్రమే చూస్తారు, ఎవరిదని చూడరు. అసలు హక్కుదారు వస్తే ఏండ్లు గడిచినా పేరు పోవచ్చు. డాట్ ఇన్ పేర్ల తగాదాలు తీర్చడానికి 2005 నుంచి నిక్సీ అనే సంస్థ పద్ధతి ఉంది, డాట్ కామ్‌కు 1999 నుంచి ఐకాన్ అనే సంస్థ పద్ధతి ఉంది.

అందుకే పేరు అనుకోగానే ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకండి, దానికి పైసా ఖర్చు లేదు. స్పెల్లింగు మార్చి చూడండి, చెవికి ఒకేలా వినిపించే పేర్లు చూడండి. మీ సరుకు ఏ తరగతి కిందికొస్తుందో, ఆ తరగతిలో ఎవరున్నారో చూడండి. మీ ఇంటి పేరో, మీ వాడ పేరో కలిపి సొంతంగా ఒక పేరు కట్టుకోండి. తర్వాత దాన్ని మీరూ ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోండి. పదేండ్లకోసారి రెన్యువల్ చేయిస్తే అది మీ పిల్లలకూ మిగులుతుంది.